మూడు పెట్టెలు, ఒక సీలు కవరు

మా ఆసుపత్రిలో సర్వర్లు మూడు, వాటిలో నడిచే సిస్టములు కూడా మూడు. ఎందుకని అడిగితే పెద్ద కుర్చీల్లో ఉన్నవాళ్ళు పెద్ద కారణాలు చెబుతారు. అసలు కారణం మూడు టెండర్లు. ఏ సారి ఎవరు తక్కువకు ఇస్తామన్నారో వాళ్ళ పెట్టె వచ్చి కూర్చుంది. ఓపీ చీట్ల కౌంటర్లకు సొలారిస్, ల్యాబు రిపోర్టులకు ఏఐఎక్స్, మందుల స్టోరుకు విండోస్ సర్వర్. ఒకే గదిలో, ఒకే ఏసీ కింద, ఒకరి మాట ఒకరికి పట్టని ముగ్గురు తోటికోడళ్ళ మాదిరి ఉంటాయి.

ఆ గదిలో నాకొక కుర్చీ ఎలా దొరికిందో, దాన్ని లాగేయబోతే నేనేం చేశానో రాస్తున్నాను. అణకువగా రాయడం నాకు చేతకాదు. కురుచికుప్పంలో చేపలమ్మేవాళ్ళు కూడా నాతో బేరానికి ముందు ఒకసారి ఆలోచిస్తారు.

నేను బీఎస్సీ మాథ్స్ చదివాను. చదివి పంతొమ్మిదేళ్ళు పాత ఫైళ్ళ గదిలో కూర్చున్నాను. పేషెంట్ల పాత కాగితాలు వెతికి తీయడం, దుమ్ము దులపడం, తుమ్మడం. సర్వర్ల గదిని చూసుకునే అడ్మినిస్ట్రేటర్ సార్ రిటైర్మెంటుకు మూడేళ్ళ దూరంలో ఉన్నాడని, ఆయన దగ్గర నేర్చుకోవడానికి ఎవరూ ముందుకు రావడం లేదని తెలిసింది. నాకప్పుడు నలభై ఆరు. పోయి అడిగాను. ఆయన తమిళుడు, మాట తక్కువ మనిషి. నన్ను ఎగాదిగా చూసి, నాకు ఇంగ్లీషు వచ్చా అని అడగలేదు, వయసెంత అని అడగలేదు. నోట్‌బుక్కు ఉందా అని అడిగాడు.

ఆ మూడేళ్ళలో ఆయన నోట ఎక్కువసార్లు విన్న మాట ఒకటే: “ఎళుది వచ్చుకోమ్మా.” రాసి పెట్టుకో అమ్మా అని. ఆయన టైపు చేస్తూ ఉంటే వెనక నిలబడి నేను రాసుకున్నాను. ఏం చేశాడు, ఎందుకు చేశాడు, చేశాక ఏమన్నాడు, అన్నీ.

ఎలా రాసుకున్నానో కూడా చెప్పాలి, తరవాత దానితో పని ఉంది. మాది ఇంట్లో తెలుగు. తాత మిల్లు పనికి వచ్చి ఈ తమిళ ఊళ్ళో నిలబడ్డాడు, నాన్న కూడా మిల్లులోనే. కాని బడిలో మాకు తమిళం, ఇంగ్లీషే. మా ఇంట్లో తెలుగు మాట్లాడని మనిషి లేరు, తెలుగు అక్షరం చదివిన మనిషీ లేరు. అందుకని నా నోట్‌బుక్కులో కమాండ్లు ఇంగ్లీషు, మాట తెలుగు, అక్షరం తమిళం. కోపం వచ్చినప్పుడు రాసుకున్నవి కూడా అలాగే.

మూడు సిస్టములు నేర్చుకోవడం అంటే ఒకటి నేర్చుకుని రెండుసార్లు మరిచిపోవడం. కొత్త నర్సుకు అకౌంటు తెరవాలంటే సొలారిస్‌లో యూజర్‌యాడ్ అనాలి, ఏఐఎక్స్‌లో ఎంకేయూజర్ అనాలి, విండోస్‌లో మౌసు పట్టుకుని ఒకదాని వెనక ఒకటి కిటికీలు తెరుచుకుంటూ పోవాలి. ఏఐఎక్స్‌లో స్మిట్ అని ఒక మెనూ ఉంటుంది. పని మొదలుపెడితే తెర మీద ఒక చిన్న మనిషి బొమ్మ పరుగెత్తుతుంది. పని అయితే చేతులు పైకెత్తుతాడు, కాకపోతే బోర్లా పడిపోతాడు. మొదటి నెల ఆ మనిషి నా చేతిలో ఎన్నిసార్లు పడ్డాడో లెక్కలేదు. పడి లేస్తాడు గదా అని సార్ అనేవాడు.

ఇక నేను చేసిన తప్పు. దాచను. సాయంత్రాలు ఇందిరా నగర్‌లో ఒక ట్రెయినింగ్ సెంటరుకు పోయేదాన్ని. అక్కడ నేర్పేది లినక్స్. కిల్‌ఆల్ అని ఒక కమాండు ఉంది, దాని పక్కన ఒక ప్రోగ్రాము పేరు పెడితే ఆ ప్రోగ్రాము ఒక్కటీ ఆగిపోతుందని చెప్పారు. మరుసటి రోజు కౌంటర్ల సర్వర్లో ఒక ప్రోగ్రాము బిగుసుకుపోయింది. సార్ టీకి పోయాడు. నాకు తెలుసు గదా అనుకుని అదే కొట్టాను. సొలారిస్‌లో ఆ కమాండు పేరు పట్టించుకోదు, నడుస్తున్నవన్నీ ఆపేస్తుంది. సర్వరును మూసేటప్పుడు వాడేది అది. ఇరవై నిమిషాల పాటు కౌంటర్లన్నీ నల్లబడ్డాయి, చీటీల వరస గేటు దాకా పోయింది. సార్ వచ్చి, ఒక మాట అనకుండా అన్నీ లేపి, రాసి పెట్టుకోమన్నాడు. రాసిపెట్టుకున్నాను. చేసింది నేనేనని రిజిస్టర్లో కూడా రాశాను. ఆ రిజిస్టర్లో అంతకు ముందు ఎవరూ తమ తప్పు తాము రాసుకున్న దాఖలా లేదు, అన్నీ కరెంటు పోవడం వల్ల జరిగినవే.

ఆ ఒక్క పేజీయే నా మెడకు చుట్టుకుంది.

సార్ రిటైరయిన నెలలోనే కొత్త మేనేజరు వచ్చాడు. యానాం వైపు మనిషి, ఒద్దికగా అండీ అండీ అని మాట్లాడతాడు. వచ్చీ రాగానే రిజిస్టరు తిరగేసి ఆ పేజీ దగ్గర ఆగాడు. సర్వర్ల మాస్టరు పాస్‌వర్డులు, అంటే రూట్ పాస్‌వర్డులు, మార్పించి ఒక కవర్లో పెట్టి, సీలు వేసి, మడత మీద అడ్డంగా తన సంతకం పెట్టి ఇనప బీరువాలో దాచాడు. మా ఆసుపత్రిలో పాత పద్ధతి అది: ఆ కవరు ఎవరి బాధ్యతో వాళ్ళ సంతకం మడత మీద ఉండాలి, తెరిస్తే ఎందుకు తెరిచారో రిజిస్టర్లో రాయాలి. ఇంతవరకూ ఆ సంతకం అడ్మినిస్ట్రేటర్ సార్‌ది. ఇకపై మేనేజరుది. నాకు మిగిలింది బ్యాకప్ టేపులు మార్చడం, గది తుడిపించడం.

మూడు సర్వర్లనూ చెన్నైలో ఒక ఏజెన్సీకి అప్పజెప్పే ఆలోచన ఉందని, దసరా తరవాత మీటింగులో తేలుస్తారని, నన్ను మళ్ళీ ఫైళ్ళ గదికి పంపుతారని టైపిస్టు చెప్పింది. నేను మేనేజరు గదికి పోయి అడిగాను. ఆయన నొచ్చుకున్నట్టు మొహం పెట్టాడు.

“మీరేమీ అనుకోకండి మేడం. ఇంట్లో తెలుగంటారు, తెలుగు చదవడం రాదంటారు. మరి ఆ మూడు సిస్టములూ మీకెలా వస్తాయండీ?”

“మీకు అరవం రాదు గదా సార్. ఆస్పత్రి నడపడంలా?”

ఆయన నవ్వలేదు. నేనూ నవ్వించడానికి అనలేదు. కాని ఆ మాట ఇంటికి నాతోపాటు వచ్చింది. మరుసటి ఆదివారం మా వీధిలో కాకినాడ నుంచి వచ్చిన ఒక టీచరమ్మ దగ్గర పలక పట్టుకుని కూర్చున్నాను. మూడు నెలల్లో చదవడం, ఆరు నెలల్లో రాయడం వచ్చింది. ఆయన కోసం కాదు. ఇంకొకరు ఆ మాట అనే అవకాశం ఉండకూడదని.

ఇంతలో ఆయుధపూజ వచ్చింది. ఈ ఊళ్ళో ఆయుధపూజ అంటే ఎవరి పనిముట్టుకు వాళ్ళు గంధం, కుంకుమ పెట్టి, ఒక పూట పని చేయించకుండా ఉంచడం. ఆటోకు అరటి పిలకలు కడతారు, టైలరు కుట్టు మిషను ముట్టుకోడు. ఆపరేషన్ థియేటర్లో కూడా ఒక కత్తెరకు బొట్టు పెడతారు. సర్వర్ల గదికి మాత్రం సార్ ఉన్నన్నాళ్ళూ తలుపుకే బొట్టు, లోపల యంత్రాలు నడుస్తూనే ఉండేవి. ల్యాబు సర్వరు ఆరేళ్ళుగా ఆగలేదు. ఎన్ని రోజులుగా ఆగకుండా నడుస్తోందో చెప్పే కమాండు ఒకటుంది. సార్ పొద్దున్నే వచ్చి ముందు అది కొట్టి, ఆ అంకె చూసుకుని, తరవాత టీ తాగేవాడు.

కొత్త మేనేజరు భక్తిపరుడు. మనుషులకు వారానికొక సెలవుంది, ఆరేళ్ళుగా విశ్రాంతి లేని ఆయుధానికి ఒక్క పూట ఇవ్వకపోతే ఎలా అన్నాడు. ఓపీ సెలవు, ల్యాబులో అత్యవసరమైనవి చేత్తో రాసిస్తారు, మధ్యాహ్నం ఆపి దసరా పొద్దున లేపుదాం అని ఆర్డరు వేశాడు. నేను కుదరదన్నాను. ఎందుకు కుదరదంటే ఏం చెప్పాలి? ఆసుపత్రి పని ఆగకూడదన్నాను, ఇది రెంచి కాదన్నాను, దేవుడు అంత చాదస్తుడు కాదన్నాను. అవన్నీ వాదనలే. అసలు కారణం నా నోట్‌బుక్కులోనే ఉంది. నేను తెరిచి చూడలేదు. నోరు ముందు, చేయి తరవాత. అది నా జబ్బు.

పూజ రోజు మధ్యాహ్నం మూడింటినీ ఆపేశారు. ఆ సాయంత్రం ఇంటికి పోయి చెబితే మా ఆయన ఒక్క ముక్కలో తేల్చేశాడు. ఆయన బస్సు డిపోలో ఫిట్టరు, ఆయన స్పానర్లన్నీ అప్పటికే బొట్లు పెట్టుకుని పీట మీద వరసగా ఉన్నాయి.

“ఏంది, ఆరేండ్లు నిలపని బండిని బొట్టు కోసరం నిలిపినారా? మళ్ళా లేస్తాదని ఎవురు చెప్పినారు? మేము అట్టాంటి బండిని వాలు ఉండే తావునే నిలబెడతాం, తోసుకునేదానికి.”

“సర్వరుకి వాలు యాడుంటాది?”

“అదే నేనూ అడగతా ఉండేది.”

దసరా పొద్దున ఎనిమిదింటికి పోయేసరికి వరండా దాకా మాటలు వినిపిస్తున్నాయి. ఫోను స్పీకర్లో ఎవరో తమిళుడు తెలుగు చదువుతున్నాడు. ఆగి ఆగి, ఎక్కడ విరవాలో తెలియకుండా. రెండు వాక్యాలు విన్నాక కాళ్ళు ఆగిపోయాయి. అవి నా వాక్యాలు.

జరిగింది ఇది. సర్వర్లు మూడూ లేచాయి. కాని ల్యాబు సర్వరు ల్యాబుకు కనిపించడం లేదు. వార్డు ఆయాలు రిపోర్టు చీటీలు పట్టుకుని రోడ్డవతలి ల్యాబుకూ వార్డులకూ మధ్య పరుగులు పెడుతున్నారు. మేనేజరు చెన్నై ఏజెన్సీ ఇంజనీరుకు ఫోను చేశాడు. కవరు తెరిచి, ఆయన చెబుతుంటే రెండు వేళ్ళతో టైపు చేశాడు. దారి దొరకలేదు. అప్పుడు నా సొరుగు లాగి నోట్‌బుక్కు తీశాడు. తమిళ అక్షరం ఆయనకు రాదు. పేజీలు ఫోటో తీసి చెన్నైకి పంపాడు. ఆ ఇంజనీరుకు అక్షరం వచ్చు, తెలుగు రాదు. కాబట్టి ఆయన పైకి చదువుతున్నాడు, ఈయన విని అర్థం చేసుకుంటున్నాడు. నన్ను పిలవకుండా నా పుస్తకం చదవడానికి ఇద్దరు మగవాళ్ళు కావలసి వచ్చింది.

నేను గుమ్మంలో నిలబడ్డాను. ఆ సమయానికి స్పీకర్లోంచి వచ్చిన వాక్యం: “విండోస్ది ప్రతిదానికీ నిజంగా చేయాల్నా అని అడగతాది. కొత్త మేనేజరు మాదిరి.”

చదివినాయన ఏం చదివాడో తెలియక, తరవాతది చదవమంటారా అని ఇంగ్లీషులో అడిగాడు. విన్నాయన తలెత్తి నన్ను చూశాడు. క్షమాపణ అడగాలన్న ఆలోచన నాకు రాలేదు. సొరుగు నాది.

“ల్యాబు పేజీ ఆకుపచ్చ అట్ట ముక్క పెట్టిన కాడ ఉంటాది,” అన్నాను.

ఆ పేజీ చదివించాడు. “కొత్త బ్లాకుకి దారి సార్ చేత్తో వేసినాడు. నిలిపితే పోతాది. స్మిట్‌లో మళ్ళా వేయాల. అడిగినాను. వచ్చే వారం అన్నాడు.”

ఆరేళ్ళ కింద ల్యాబు రోడ్డవతల కొత్త బ్లాకులోకి మారింది. అక్కడికి ఏ మలుపు తిరిగి పోవాలో సర్వరుకు చెప్పాలి. నడుస్తున్న సర్వరుకు నోటిమాటగా చెబితే గుర్తుంటుంది, ఆపితే మరిచిపోతుంది. దాని లోపలి పుస్తకంలో రాయిస్తేనే నిలుస్తుంది. సార్ నోటిమాటగా చెప్పిన రోజు నేను ఫైళ్ళ గదిలో ఉన్నాను. మూడేళ్ళ తరవాత ఆయన వెనక నిలబడి నేర్చుకుంటూ ఆ సంగతి అడిగి రాసుకున్నాను. రోజూ పొద్దున చూసుకునే ఆ రోజుల లెక్క అంకె మీద ఆయనకు ఎంత మోజంటే, ఆపి సరిచూడాలనే ఆలోచనే రాలేదు. వచ్చే వారం రాకుండానే ఆయన రిటైరయ్యాడు. నేను రాసుకుని, మరిచిపోయాను. అది నా వాటా తప్పు.

ఇంజనీరు కారణం పట్టుకున్నాడు. దారి వేసే రూట్ కమాండుకు మైనస్ పి తగిలించి కొట్టమన్నాడు, అలా చేస్తే శాశ్వతంగా ఉండిపోతుందన్నాడు. సొలారిస్‌లో ఉంటుంది. విండోస్‌లోనూ ఉంటుంది. ల్యాబు సర్వరుది ఏఐఎక్స్, అది ఒప్పుకోలేదు, తనకేం కావాలో నాలుగు వరసలు తెర మీద వేసి ఊరుకుంది. సరే, అది తీసేసి కొట్టమన్నాడు. కొట్టాడు. ల్యాబు నుంచి ఫోను: రిపోర్టులు వస్తున్నాయి.

మేనేజరు చెమట తుడుచుకుని నోట్‌బుక్కు నా వైపు చాపాడు. “అయిపోయిందండీ. ఇక మీరు వెళ్ళొచ్చు.”

“అయిపోలా సార్. ఆరేండ్ల ముందర కూడా ఇట్టానే అయిపోయింది.”

“అంటే?”

“దాన్ని నిలిపి, మళ్ళా లేపి చూపించండి.”

ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. ఇప్పుడే గదా బాగుపడింది, మళ్ళీ చెడగొట్టమంటారా అన్నాడు. స్పీకర్లో ఆ ఇంజనీరు, మైనస్ పిని ఏఐఎక్స్ నిజంగానే ఒప్పుకోలేదా అని అడిగాడు. ఒప్పుకోలేదన్నాను. అయితే ఆ అమ్మ చెప్పేది నిజం, ఇప్పుడు ఆపితే మళ్ళీ పోతుంది, ఏఐఎక్స్‌లో స్మిట్ దారి తనకు అంతగా అలవాటు లేదు, అన్నాడు. ముఖం చూడని మనిషి, నా కుర్చీకి పోటీ వచ్చినవాడు, అబద్ధం చెప్పలేదు. ఆ ఒక్కందుకు ఆయన్ను నేనెప్పుడూ తిట్టను.

మేనేజరు నన్నే చూస్తున్నాడు. అడగలేక చూస్తున్నాడు. ఊరికే ఆయన చూపుకు లొంగి కీబోర్డు ముందు కూర్చునేదాన్నయితే ఇంకో పదేళ్ళు అలా చూపులతోనే పనిచేయించుకునేవాళ్ళు.

“చేస్తాను. రిజిస్టర్లో నా పేరు మీద కవరు తెరిచినట్టు రాయండి. ఒంటిగంటకి నిలుపుతా, అందరూ ఉండాల. లేవకపోతే ఫైళ్ళ గదికి నేనే నడిచి పోతా, మీరు ఆర్డరు కూడా వేయబళ్ళేదు. లేస్తే, మడత మీద సంతకం నాది.”

రాశాడు. నెమ్మదిగా, ప్రతి అక్షరానికీ నిజంగానా అని అడుగుతున్నట్టు.

ఒంటిగంట ఎందుకంటే ఆ వేళకు పొద్దుటి శాంపిళ్ళు మిషన్లలో ఉంటాయి, రిపోర్టులు ఇంకా రావు. ల్యాబు పెద్ద టెక్నీషియన్‌కు ముందే చెప్పాను. పన్నెండున్నరకు స్మిట్ తెరిచాను. కొత్త బ్లాకు దారి నింపాను, నోట్‌బుక్కులో అంకెతో అంకె వేలు పెట్టి సరిచూశాను. ఎంటర్ కొట్టాను. బొమ్మ మనిషి పరుగెత్తాడు, పరుగెత్తాడు, చేతులు పైకెత్తాడు. కాని అది ఇప్పటి మాట. పొద్దున మేనేజరు కొట్టినప్పుడు కూడా ల్యాబు కనిపించింది. పరీక్ష అది కాదు.

ఒంటిగంటకు సర్వరును ఆపి లేపే కమాండు ఇచ్చాను.

ఆ పెట్టె లేవడానికి తీరిగ్గా ఉంటుంది. పెట్టె ముందువైపు చిన్న పలక మీద అంకెలు మారుతూ పోతాయి, ఒక్కో అంకె ఒక్కో మెట్టు. మేనేజరు, టైపిస్టు, నర్సింగ్ సూపరింటెండెంటు గోడకు ఆనుకుని నిలబడ్డారు. పెట్టె నుదుటి మీద నిన్నటి గంధం ఎండి పెచ్చులు కట్టి ఉంది. ఒక అంకె దగ్గర ఆగిపోయింది. డిస్కులు సరిచూసుకునే మెట్టు అది, అక్కడ ఆలస్యమవుతుందని నాకు తెలుసు. మేనేజరు ఏదో అనబోయాడు. నేను వేలెత్తాను. ఆగాడు. అంకె కదిలింది.

తెర మీద లాగిన్ వచ్చింది. నేను కొత్త బ్లాకు దారి ఉందో లేదో చూడలేదు. ల్యాబుకు ఫోను కొట్టి మేనేజరు చేతికిచ్చాను. ఆయన చెవితోనే వినాలి. పెద్ద టెక్నీషియన్ గొంతు నాకు కూడా వినిపించింది: “వందుడుచ్చు సార్.” వచ్చేసిందని. ఆ ఒక్క తమిళ ముక్కకు ఆయనకు ఎవరూ అర్థం చెప్పనక్కరలేకపోయింది.

మీటింగులో ఆర్డరు వచ్చింది. పాడైన సామాను మార్చే పని ఏజెన్సీకి, మూడు సిస్టముల పని నాకు, ‘తదుపరి ఉత్తర్వుల వరకు, తాత్కాలికంగా’. తాత్కాలికంగా అనే మాట కొట్టేయమని అప్పటినుంచి ప్రతి మూడు నెలలకూ ఒక ఉత్తరం రాస్తున్నాను. పాస్‌వర్డులు మార్చాను, కొత్త కవర్లో పెట్టాను, మడత మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా నా సంతకం పెట్టాను. చిన్నగా పెట్టొచ్చు. పెట్టలేదు.

ఇప్పుడు ఆయుధపూజకు మూడు సర్వర్లనూ ఆపేది నేనే. వద్దని వాదించిన నేనే, ఏటా ఆపితీరాలంటున్నాను. ఆగి లేవడం రాని యంత్రాన్ని నడుస్తోందని నమ్మకూడదు. ఒక్కోదాన్ని దాని కమాండుతో, దాని వరసలో ఆపి, తరవాతే బొట్టు. ఎన్ని రోజులుగా ఆగలేదో చూపే అంకె ఇప్పుడు నాలుగొందలు దాటదు, నాకేం సిగ్గు లేదు.

నోట్‌బుక్కు సంస్థ ఆస్తి కాబట్టి బీరువాలో జమ చేయాలని మేనేజరు ఒక మెమో ఇచ్చాడు. కమాండ్లన్నీ ఇంగ్లీషులో శుభ్రంగా ఎత్తి రాసి, నూట నలభై పేజీలు, సంతకం పెట్టి ఇచ్చాను. ఆయన తిరగేసి, మిగతాది ఏదండీ అన్నాడు.

“కమాండ్లు ఆస్పత్రివి సార్, ఇచ్చేసినాను. తిట్లు నావి.”